పదకొండు సెకన్లు

హాల్ష్కా గారి టేపులు విని టైపు కొట్టడం
ఇరవై రెండేళ్ళు నా ఉద్యోగం.
బిటొమ్‌లో, మూతబడ్డ గని పక్క వీధి, మూడో అంతస్తు.
కిటికీలోంచి చూస్తే
తిరగడం మానేసిన పెద్ద ఇనప చక్రం.

ఆవిడ చదువంతా జనం తీరిక మీద.
మా అమ్మ నమ్మలేదు.
"ఊరికే కూర్చున్నవాళ్ళ దగ్గరికెళ్ళి
ఎందుకు కూర్చున్నారని అడిగితే జీతమిస్తారా?"
ఇస్తారమ్మా. అందులో మూడోవంతు నాకూ ఇస్తారు.
"పని తీరితే కదా తీరిక" అని
బీట్‌రూట్లు తరుక్కుంటూ గొణిగింది.

ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు.
వారానికి ఎన్ని గంటలు? ఎవరితో? ఎంత ఖర్చు?
మానేస్తే ఏం పోతుంది?
ఈ చివరిదాని దగ్గర మనుషులు మాట మారుస్తారు.
ఒకామె టీ పెడతానని లేస్తుంది.
అగ్గిపెట్టె బొమ్మలు దాచుకునే పోస్ట్‌మన్
అప్పటిదాకా నలభై నిమిషాలు ఊపిరి తిప్పుకోనివాడు
"ఏం పోతుంది? ఏమీ పోదు" అన్నాడు.
మళ్ళీ, కాస్త నెమ్మదిగా, "ఏమీ పోదు."
రెండుసార్లూ కొట్టాను. ఆవిడ నియమం అది,
దగ్గుని కూడా వదలకూడదు.

గని పోయాక కూడా గని బ్యాండ్ మిగిలింది.
అందులో ట్రాంబోన్ ఊదే అన్నదమ్ములు అన్నారు:
"డబ్బు రాదు కాబట్టి పని కాదు,
ఒళ్ళు హూనమవుతుంది కాబట్టి ఆట కాదు.
మరేమిటో చదువుకున్నవాళ్ళు మీరే చెప్పండి."
ఆ నవ్వు ఎలా టైపు చెయ్యాలని అడిగాను.
నవ్వు అని చెయ్యమంది.

ఆవిడకి వ్యాపకాలు లేవని కాదు.
ఈతకొలనుకి వెళ్ళేది, ఈదేవాళ్ళని లెక్కపెట్టేది.
పుట్టగొడుగులకని అడవికి వెళ్ళి
ఖాళీ బుట్టతో, నిండిన నోటుబుక్కుతో వచ్చేది.
ఒక వేసవిలో ఎవరికీ చెప్పకుండా హార్న్ కొనుక్కుని
ఎనిమిది వారాలు ఊది
దాన్నీ ఒక అధ్యాయం చేసింది.

నూట పద్నాలుగో టేపు. అలోయిజ్ పియెహా.
ముప్పై ఒక్క ఏళ్ళు బొగ్గు తవ్వాడు,
ఇప్పుడు డాబా మీద నలభై పావురాలు.
మాటల వెనక కువకువలు,
రేకు మీద గింజలు రాలిన చప్పుడు.
"హానోవర్‌లో వదులుతారు. ఇక్కడ కూర్చుని చూస్తాం."
"ఎన్ని గంటలు?"
"వచ్చేదాకా."
"అంకె కావాలండీ."
"సరే గానీ, మీరు? పనయ్యాక మీరేం చేస్తారు?"

తర్వాత పావురాలు.
దూరంగా ట్రామ్ ఒకటి మలుపు తిరగడం.
వెనక్కి తిప్పి, గడియారం పెట్టుకుని మళ్ళీ విన్నాను.
నిశ్శబ్దం, పదకొండు సెకన్లు, అని కొట్టాను.
అప్పుడు గొంతు సవరించుకుని ఆవిడ
"ముందు ఆడది వస్తుందా, మగదా?" అంది.

కాగితాలు తిరిగొచ్చాయి, పచ్చసిరా దిద్దుబాట్లతో.
ఆ వాక్యం మీద గీత లేదు.
పక్కన చిన్నగా: పన్నెండు.

రిటైరయిన మూడో ఏడు, జూలై ఆదివారం,
మిగిలిపోయిన టేపులు ఇద్దామని ఇంటికెళ్తే తాళం.
పొరుగావిడ పైకి, ఇంకా పైకి, ఎదుటి వీధి డాబా వైపు చూపించింది.

ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది, మోచేతుల దాకా గింజల పొట్టు.
అలోయిజ్ నన్ను చూసి వేలు పెదాల మీద పెట్టాడు.
ముప్పై తొమ్మిది వచ్చాయట.
"ఎంతసేపట్నుంచి?" అన్నాను, మెల్లిగా.
ఆవిడ మణికట్టు చూసుకుంది. అక్కడ గడియారం లేదు.
ఏదైనా నోటుబుక్కు ఉందేమోనని నేనే వెతికాను,
పీట కింద, బకెట్ పక్కన.

కూర్చున్నాను.
నా వేళ్ళు మోకాలి మీద వాటంతటవే కదిలి
నిశ్శబ్దం, కామా, అని కొట్టి
ఆగిపోయాయి.

చీకటి పడుతోంది. చక్రం మీద ఎర్రదీపం వెలిగింది.
బూడిదరంగు ఆడది, ఎడమకాలికి ఆకుపచ్చ కడియం,
ఇంకా రాలేదు.